నాన్నగారి విమాన మైళ్లను అమ్మ పేరుకు మార్చుకోవడం ఎలా? విశాఖ సభ్యుల సలహా కావాలి

సీతమ్మధార_వాసి:

సభ్యులందరికీ నమస్కారం. మా నాన్నగారు ఇటీవల కాలం చేశారు. ఉక్కు కర్మాగారంలో పదవీ విరమణ చేసినప్పటి నుంచి ఆయనా అమ్మా న్యూజెర్సీలో ఉంటున్న మా చెల్లి దగ్గరకు వెళ్లి వస్తూ ఉండేవారు. విమాన సంస్థలు తమ సభ్యులకు ప్రయాణాలను బట్టి మైళ్లు అనే పాయింట్లు జమ చేస్తాయి, వాటితో తర్వాత టికెట్లు తీసుకోవచ్చు. అందుకే టికెట్ కొన్న ప్రతిసారీ నాన్నగారు తన సభ్యత్వ సంఖ్యను శ్రద్ధగా నమోదు చేయించేవారు. ఆ కార్డులన్నీ బ్యాంకు పాసుపుస్తకాలతో పాటు ఒకే ఫైలులో దొరికాయి. వాటిలో యునైటెడ్ వారి మైలేజ్‌ప్లస్, అమెరికన్ ఎయిర్‌లైన్స్ వారి ఆడ్వాంటేజ్, సింగపూర్ ఎయిర్‌లైన్స్ వారి క్రిస్‌ఫ్లయర్, ఎయిరిండియా వారి ఫ్లయింగ్ రిటర్న్స్, పాత జెట్ ప్రివిలేజ్ కార్డులు ఉన్నాయి. అమ్మ పేరున ఎక్కడా ఖాతా లేదు.

సంవత్సరీకం అయ్యాక అమ్మను చెల్లి దగ్గరకు పంపాలని అనుకుంటున్నాం. నాన్నగారు కూడబెట్టిన మైళ్లతోనే ఆ ప్రయాణం జరిగితే అమ్మకు ఎంతో తృప్తిగా ఉంటుంది. ఈ మైళ్లు ఆస్తి కిందకు వస్తాయా, వారసులకు హక్కు ఉంటుందా, కోర్టు నుంచి వారసత్వ ధ్రువపత్రం తెచ్చుకోవాలా, లేక తహశీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రం సరిపోతుందా అన్నది దయచేసి తెలియజేయండి.

ఎంవీపీ_న్యాయవాది:

మీ నాన్నగారి మృతికి నా సంతాపం తెలియజేస్తున్నాను.

ముందు హక్కు సంగతి చెబుతాను, ఎందుకంటే మిగతా అడుగులన్నీ దాని మీదే ఆధారపడి ఉంటాయి. బ్యాంకులో ఉన్న సొమ్ము మనకు బ్యాంకు పడ్డ బాకీ. ఖాతాదారు పోతే ఆ బాకీ వారసులకు చెల్లించవలసిందే. విమాన మైళ్లు అలాంటివి కావు. సభ్యత్వం తీసుకునేటప్పుడు మనం అంగీకరించే నిబంధనల్లోనే మైళ్లు సభ్యుని ఆస్తి కావనీ, వాటిని కంపెనీ అనుమతించిన పద్ధతిలోనే వాడుకోవాలనీ దాదాపు ప్రతి సంస్థా రాసుకుంటుంది. కాబట్టి హిందూ వారసత్వ చట్టం, 1956 ప్రకారం మీ అమ్మగారు మొదటి తరగతి (అంటే అందరికంటే ముందు హక్కు ఉండే) వారసురాలైనా, ఆ చట్టాన్ని చూపి విమాన సంస్థను నిలదీయడం కష్టం. వారసత్వం వల్ల తేలేది ఒక్కటే: నిబంధనల్లో అవకాశం ఉన్నచోట దాన్ని అడిగే అర్హత ఎవరికి ఉందన్నది.

భారత వారసత్వ చట్టం, 1925 కింద సివిల్ కోర్టు ఇచ్చే ధ్రువపత్రం మృతునికి రావలసిన బాకీలకూ, షేర్లు, బాండ్ల వంటి సెక్యూరిటీలకూ ఉద్దేశించినది. మైళ్ల కోసమే కోర్టుకు వెళ్లవద్దు. కోర్టు రుసుమూ, పత్రికా ప్రకటనా, వాయిదాలూ కలిపి చూస్తే అది మైళ్ల విలువకు మించిన పని అవుతుంది.

మురళీనగర్_ప్రయాణికుడు:

న్యాయవాది గారు చెప్పినదానికి కొనసాగింపుగా, మీ ఫైలులో ఉన్న కార్డులను ఒక్కొక్కటిగా చూద్దాం. నిబంధనలు ఎప్పటికప్పుడు మారుతుంటాయి కనుక దరఖాస్తు చేసే రోజున ఆయా సంస్థల వెబ్‌సైటులో ‘సభ్యుని మరణం’ గురించిన నిబంధనను మరోసారి చదివి, ఆ పేజీని భద్రపరచుకోండి.

మీకు ఎక్కువ ఆశ ఉన్నది యునైటెడ్ దగ్గర. సభ్యుడు మరణించినప్పుడు, సంతృప్తికరమైన పత్రాలు అందితే, తగిన రుసుము తీసుకుని మైళ్లలో కొంత భాగాన్ని గానీ మొత్తాన్ని గానీ అర్హులైన వారి ఖాతాకు జమ చేయవచ్చని వారి నిబంధన చెబుతుంది. అయితే అది పూర్తిగా వారి విచక్షణకు లోబడినదని కూడా అందులోనే ఉంది. యునైటెడ్ మైళ్లకు 2019 నుంచి కాలపరిమితి లేదు కాబట్టి హడావిడి పడవలసిన పని లేదు.

అమెరికన్ ఎయిర్‌లైన్స్ సంగతి కొంచెం భిన్నం. మరణం వల్ల గానీ చట్టప్రకారం గానీ మైళ్లు బదిలీ కావని మొదట చెప్పి, ఆ తర్వాత వీలునామాలో ప్రత్యేకంగా పేర్కొన్న వ్యక్తులకు తమ విచక్షణ మేరకు జమ చేయవచ్చని చెబుతారు. ఇక్కడ మీకు గడువుతో కూడా పని ఉంది. ఖాతాలో 24 నెలల పాటు ఏ కదలికా లేకపోతే మైళ్లు మురిగిపోతాయి. నాన్నగారి చివరి ప్రయాణం ఎప్పుడో చూసి, ఆ తేదీ నుంచి లెక్క వేసుకోండి.

క్రిస్‌ఫ్లయర్ విషయంలో ఆశ పెట్టుకోవద్దు. సభ్యుడు మరణిస్తే ఖాతా మూసివేసి మిగిలిన మైళ్లను రద్దు చేస్తారు. ఒకప్పుడు సింగపూర్ ఎయిర్‌లైన్స్ అనుబంధ సంస్థ సిల్క్‌ఎయిర్ మన విశాఖ నుంచి నేరుగా సింగపూర్‌కు నడిచిన రోజుల్లో ఇక్కడ చాలా కుటుంబాలు ఆ కార్డు తీసుకున్నాయి. ఆ మైళ్లు 36 నెలలకు ఎలాగూ ముగిసిపోతాయి కనుక, ఆనాటివి ఇప్పుడు ఖాతాలో ఉండవు.

ఎయిరిండియా వారి ఫ్లయింగ్ రిటర్న్స్ 2025లో మహారాజా క్లబ్‌గా మారింది; 2024 నవంబరులో విస్తారా విమాన సంస్థ అందులో విలీనమైనప్పుడు దాని సభ్యత్వ పథకమైన క్లబ్ విస్తారా పాయింట్లు కూడా ఎయిరిండియాకే చేరాయి. నాన్నగారు ఎప్పుడైనా విస్తారాలో ఢిల్లీ వెళ్లి ఉంటే ఆ సంఖ్యను కూడా వెతికి, ఎయిరిండియాకు రాసే ఒకే లేఖలో రెండింటినీ పేర్కొనండి.

జెట్ ఎయిర్‌వేస్ విమానాలు 2019 ఏప్రిల్‌లో ఆగిపోయాయి. ఆ కార్డు పథకం వేరే కంపెనీ చేతిలో ఉండటం వల్ల అదే సంవత్సరం ఇంటర్‌మైల్స్ పేరుతో కొనసాగింది. ఆ పాత కార్డు కోసం ఎక్కువ సమయం వెచ్చించవద్దని నా అభిప్రాయం.

గాజువాక_యువకుడు:

పెద్దలు చెప్పినవన్నీ చదివాను. కానీ నాకు ఒక సందేహం ఉంది. నాన్నగారి ఫోను ఇంట్లోనే ఉంది, ఈమెయిలు తెరవగలరు, ఓటీపీ కూడా ఆ నంబరుకే వస్తుంది. అలాంటప్పుడు ఎవరికీ ఏమీ చెప్పకుండా ఆయన ఖాతాలోకి వెళ్లి అమ్మగారి పేరున టికెట్ తీసుకుంటే సరిపోదా? ఆ మైళ్లు ఊరికే వచ్చినవి కావు. జీవితమంతా కష్టపడిన మనిషి తన పొదుపుతో టికెట్లు కొంటే వచ్చినవి. భర్త సంపాదించినది భార్య అనుభవించడానికి ఒక కంపెనీ దయ కోసం అర్జీ పెట్టుకోవాలని చెప్పడం నాకు న్యాయంగా తోచడం లేదు.

ఎంవీపీ_న్యాయవాది:

యువకుడు గారి ఆవేదనలో న్యాయం ఉంది. దాన్ని కాదనను. అయినా ఆ మార్గం వద్దనే చెబుతాను.

మరణించిన వ్యక్తి పాస్‌వర్డుతో, ఆయనే బతికి ఉండి చేస్తున్నట్లుగా లావాదేవీ జరపడం సభ్యత్వ నిబంధనలకు విరుద్ధం. మరొకరి పాస్‌వర్డును మోసపూరితంగా వాడటం సమాచార సాంకేతిక చట్టం, 2000లోని 66సి సెక్షను కింద నేరం. మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా ఉన్నాయి. కుటుంబ సభ్యుల మీద ఎవరూ కేసు పెట్టరని మీరు అనవచ్చు. అంతకంటే దగ్గరి ప్రమాదం ఇంకొకటి ఉంది. సంస్థకు విషయం తెలిసి ఖాతాను స్తంభింపజేస్తే ఆ ఖాతా నుంచి తీసిన టికెట్ కూడా రద్దు కావచ్చు. పెద్దావిడ ఒంటరిగా ఢిల్లీలోనో ఫ్రాంక్‌ఫర్ట్‌లోనో విమానం మారవలసిన సమయంలో తిరుగు టికెట్ చెల్లదని చెబితే ఆమె ఎవరిని అడగగలరు?

కంపెనీల విచక్షణను కోర్టులో ప్రశ్నించిన వారు లేకపోలేదు. తన సభ్యత్వాన్ని అన్యాయంగా రద్దు చేశారని ఒక ప్రయాణికుడు నార్త్‌వెస్ట్ సంస్థ మీద వేసిన దావా అమెరికా సుప్రీంకోర్టు వరకు వెళ్లింది. నార్త్‌వెస్ట్ వర్సెస్ గిన్స్‌బర్గ్ అనే ఆ కేసులో 2014లో తీర్పు విమాన సంస్థకే అనుకూలంగా వచ్చింది. విమానయానంపై నియంత్రణలు తొలగించిన 1978 నాటి చట్టం ఉండగా, రాష్ట్ర చట్టాల కింద సద్భావన లోపించిందనే వాదనతో సంస్థను నిలదీయడం కుదరదన్నది దాని సారాంశం. అది మరణానికి సంబంధించిన కేసు కాకపోయినా, ఒప్పందంలో లేని హక్కును అక్కడ సంపాదించడం ఎంత కష్టమో దాన్ని బట్టి తెలుస్తుంది.

మన దేశంలో వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం వినియోగదారు మరణిస్తే ఆయన వారసులు ఫిర్యాదు చేయవచ్చు. నిబంధనల్లో బదిలీకి అవకాశం ఉండి, పత్రాలన్నీ ఇచ్చినా అకారణంగా నిరాకరిస్తే విశాఖ జిల్లా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించడం గురించి ఆలోచించవచ్చు. మరణంతో మైళ్లు రద్దవుతాయని నిబంధనలోనే రాసి ఉన్న చోట ఆ ఫిర్యాదు నిలవడం కష్టం.

గాజువాక_యువకుడు:

చట్టం సంగతి అర్థమైంది, ధన్యవాదాలు. తిరుగు టికెట్ రద్దయ్యే ప్రమాదాన్ని నేను ఆలోచించలేదు కాబట్టి ఆ సలహాను వెనక్కి తీసుకుంటున్నాను. ఈ నిబంధన అన్యాయమన్న అభిప్రాయాన్ని మాత్రం మార్చుకోలేను.

విశ్రాంత_రెవెన్యూ_ఉద్యోగి:

కాగితాల విషయంలో నాకు తెలిసినది చెబుతాను.

కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రానికి మీ వార్డు సచివాలయంలో గానీ మీసేవా కేంద్రంలో గానీ దరఖాస్తు చేయండి. మరణ ధ్రువపత్రం, మృతునివీ వారసులవీ ఆధార్ కార్డులు, రేషన్ కార్డు జత చేయాలి. గ్రామాల్లో అయితే వీఆర్వో, నగరంలో వార్డు రెవెన్యూ కార్యదర్శి ఇంటికి వచ్చి విచారించి, ఇరుగుపొరుగు వారి వాంగ్మూలం తీసుకుంటారు. ఆ తర్వాత తహశీల్దారు సంతకంతో పత్రం వస్తుంది. పింఛను కోసం ఇదివరకే తీసుకుని ఉంటే మళ్లీ అక్కర్లేదు.

అన్నిటికంటే ముందు పేర్లు సరిచూసుకోండి. మనవాళ్ల కాగితాల్లో వచ్చే చిక్కంతా ఇంటిపేరు దగ్గరే. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా విడిగా రాసి ఉంటుంది. విమాన సంస్థ ఖాతా కూడా పాస్‌పోర్టు ప్రకారమే ఉంటుంది. మహా విశాఖ నగరపాలక సంస్థ ఇచ్చే మరణ ధ్రువపత్రంలో మాత్రం, ఆసుపత్రి వారు పంపిన వివరాలను బట్టి, ఇంటిపేరుకు ఒకటే అక్షరం పడి ఉండవచ్చు. మనకు చూడగానే ఇద్దరూ ఒకరేనని తెలుస్తుంది. అమెరికాలో కూర్చుని ఆ కాగితం చూసే ఉద్యోగికి అలా తెలియదు. వారి దృష్టిలో అవి రెండు వేర్వేరు పేర్లు.

అలా ఉంటే రెండు మార్గాలు ఉన్నాయి. జనన మరణాల నమోదు చట్టం, 1969లోని 15వ సెక్షను కింద రిజిస్ట్రారుకు అర్జీ పెట్టి నమోదునే సరిచేయించుకోవచ్చు. అది స్థిరాస్తి వ్యవహారాలకు కూడా పనికొస్తుంది కాబట్టి వీలైతే అదే మేలు. తొందరగా కావాలంటే, రెండు పేర్లూ ఒకే వ్యక్తివని మీ అమ్మగారు స్టాంపు కాగితం మీద ప్రమాణపత్రం రాసి నోటరీ చేయించి, నాన్నగారి పాస్‌పోర్టు నకలుతో కలిపి పంపవచ్చు. పాస్‌పోర్టును రద్దు కోసం అప్పగించే ముందు అన్ని పుటలనూ స్కాన్ చేసుకోవడం మరవవద్దు.

మన మరణ ధ్రువపత్రంలో తెలుగుతో పాటు ఇంగ్లీషు కూడా ఉంటుంది కనుక అనువాదం అవసరం లేదు. కొందరు ముందుగానే విదేశాంగ శాఖ అపోస్టిల్ ముద్ర (పత్రం నిజమైనదేనని విదేశాల కోసం ఇచ్చే ధ్రువీకరణ) వేయించాలని దళారుల చుట్టూ తిరుగుతారు. సంస్థ ప్రత్యేకంగా అడిగితే తప్ప దానికి డబ్బు పెట్టవద్దు.

ఎడిసన్_విశాఖ_ఆడపడుచు:

నేను పెందుర్తి దగ్గర పుట్టి పెరిగాను, ఇప్పుడు ఎడిసన్‌లో ఉంటున్నాను. మా మామగారు పోయినప్పుడు ఇలాంటి వ్యవహారమే ఒక విమాన సంస్థతో నడిపాను. ఫోనులో మాట్లాడిన ప్రతి ఉద్యోగీ ఒక్కో మాట చెప్పారు: ఒకరు అసలు కుదరదన్నారు, మరొకరు అమెరికా కోర్టు ఇచ్చిన పత్రం కావాలన్నారు. వారి నిబంధనలోని వాక్యాన్ని యథాతథంగా ఎత్తి రాసి, పత్రాలు జతచేసి లిఖితపూర్వకంగా పంపిన తర్వాతే వ్యవహారం కదిలింది. అందుచేత ఫోను మీద ఆధారపడకండి.

లేఖ పొడవుగా ఉండనక్కర్లేదు. మృతుని పేరు పాస్‌పోర్టులో ఉన్నట్లుగా, సభ్యత్వ సంఖ్య, మరణించిన తేదీ, మైళ్లు ఎవరి ఖాతాకు చేరాలో వారి పేరు, సంఖ్య, మృతునితో వారి బంధుత్వం, మీరు ఏ నిబంధన కింద అడుగుతున్నారో అన్నవి ఉంటే చాలు. లేఖ మీద అమ్మగారే సంతకం చేయాలి. మీరూ మీ చెల్లెలుగారూ మైళ్లన్నీ అమ్మకు చెందడానికి మాకు అభ్యంతరం లేదని వేరే కాగితం మీద సంతకాలు చేసి జతపరచండి. ఏ పత్రమూ అసలుది పంపవద్దు.

అంతకంటే ముందు అమ్మగారి పేరున ఆయా సంస్థల్లో ఉచిత సభ్యత్వం తీసుకోండి. మైళ్లు చేరవలసిన ఖాతా లేకపోతే అర్జీ అక్కడే ఆగిపోతుంది. ఆమె పేరు కూడా ఆమె పాస్‌పోర్టులో ఉన్నట్లే అక్షరం పొల్లుపోకుండా ఉండాలి.

రుసుము సంగతి కూడా లెక్క వేసుకోండి. బదిలీ రుసుము వేరు, ఆ తర్వాత మైళ్లతో టికెట్ తీసేటప్పుడు కట్టవలసిన పన్నులు వేరు. ఖాతాలో కొద్ది మైళ్లే ఉంటే, రుసుము చెల్లించి తెచ్చుకున్నా టికెట్‌కు సరిపోకపోవచ్చు. ముందు నిల్వ ఎంతో తెలుసుకుని, తర్వాత నిర్ణయించుకోండి. నాన్నగారి ఈమెయిలుకు వచ్చే నెలవారీ నివేదికల్లో ఆ నిల్వ కనబడుతుంది.

సీతమ్మధార_వాసి:

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. నివేదికలు చూశాను. క్రిస్‌ఫ్లయర్‌లో చెప్పుకోదగ్గవి లేవు, దాన్ని వదిలేస్తున్నాం. యునైటెడ్‌లో బాగానే ఉన్నాయి, అమెరికన్‌లో ఒక మోస్తరుగా ఉన్నాయి. మరణ ధ్రువపత్రంలో, రెవెన్యూ ఉద్యోగి గారు ఊహించినట్లే, ఇంటిపేరు ఒక్క అక్షరంగానే ఉంది. దాన్ని సరిచేయించడానికి అర్జీ పెడుతున్నాం.

నాన్నగారు ఇద్దరు సాక్షుల సంతకాలతో తెల్లకాగితం మీద వీలునామా రాశారు. దాన్ని రిజిస్టరు చేయించలేదు. అందులో ఇల్లు, డిపాజిట్లు విడివిడిగా పేర్కొని, ‘ఇవి గాక నాకు చెందిన యావత్తు చరాస్తులు, హక్కులు నా భార్యకు చెందవలెను’ అని ఉంది. మైళ్ల ప్రస్తావన లేదు. అమెరికన్ ఎయిర్‌లైన్స్ నిబంధనకు ఇది సరిపోతుందా? ఇంకొక విషయం, మా నాయనమ్మ జీవించే ఉన్నారు. ఆమె సంతకం కూడా కావాలా?

ఎంవీపీ_న్యాయవాది:

వీలునామాకు రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు. ఇద్దరు సాక్షులు చట్టప్రకారం ధ్రువీకరించి ఉంటే అది చెల్లుతుంది. విశాఖలో రాసిన, ఇక్కడి ఆస్తికి సంబంధించిన వీలునామాకు ప్రొబేటు (అది నిజమైన వీలునామాయేనని కోర్టు ఇచ్చే ధ్రువీకరణ) తెచ్చుకోవలసిన పని కూడా లేదు.

అమెరికన్ వారి నిబంధన అడిగేది వీలునామాలో వ్యక్తిని ప్రత్యేకంగా గుర్తించారా అని. మీ నాన్నగారు భార్యను పేరుతో సహా పేర్కొని ఉంటే ఆ షరతు నెరవేరిందని వాదించడానికి మీకు ఆధారం ఉంది. అయితే అదే నిబంధన మొత్తంగా కోర్టు ఆమోదం గురించి కూడా మాట్లాడుతుంది, కాబట్టి వారు ప్రొబేటు అడిగే అవకాశం ఉంది. అలా అడిగితే, మా ప్రాంతంలో చట్టం ప్రొబేటును తప్పనిసరి చేయలేదని వివరిస్తూ ఒక న్యాయవాది సంతకంతో కూడిన లేఖను జతచేసి పంపండి. ఒప్పుకోవడం, ఒప్పుకోకపోవడం వారి చేతుల్లోనే ఉంటుంది. వీలునామా తెలుగులో ఉంటే దానికి మాత్రం నోటరీ చేసిన ఇంగ్లీషు అనువాదం కావాలి.

నాయనమ్మగారి గురించి అడగడం మంచిదైంది. వీలునామా లేని పక్షంలో భార్యా పిల్లలతో పాటు తల్లి కూడా మొదటి తరగతి వారసురాలే. ఈ సంగతి చాలా కుటుంబాలు మరచిపోతుంటాయి. మీకు వీలునామా ఉన్నా, యునైటెడ్‌కు కుటుంబ సభ్యుల పత్రం పంపుతున్నారు కాబట్టి, అందులో ఆమె పేరు ఉంటే అభ్యంతరం లేదనే కాగితం మీద ఆమె సంతకం గానీ వేలిముద్ర గానీ తీసుకోండి. విషయం పూర్తిగా చదివి వినిపించిన తర్వాతే తీసుకోండి.

భీమిలి_పెద్దాయన:

నాకు డెబ్బై దాటాయి. ఇద్దరు పిల్లలూ విదేశాల్లోనే ఉన్నారు. ఈ చర్చ చదివాక నా ఖాతాలు తీసి చూసుకున్నాను. మాలాంటి వారు ఇప్పుడే చేయదగినది ఏమైనా ఉందా?

మురళీనగర్_ప్రయాణికుడు:

ఉందండి, అది చాలా సులువు కూడా. యునైటెడ్‌లో గానీ అమెరికన్‌లో గానీ మీ మైళ్లతో ఎవరి పేరునైనా టికెట్ తీయవచ్చు. బదిలీ అక్కర్లేదు, రుసుమూ లేదు. దాచి ఉంచడం కన్నా మీ శ్రీమతిగారి తదుపరి ప్రయాణానికి వాడేయండి. క్రిస్‌ఫ్లయర్‌లో ఐదుగురిని నామినీలుగా చేర్చుకుని వారి పేరున టికెట్లు తీసుకోవచ్చు. కాకపోతే ఇక్కడ నామినీ అంటే మీరు ఉండగా మీ మైళ్లతో ప్రయాణించగల వ్యక్తి మాత్రమే. బ్యాంకు డిపాజిట్‌కు రాసే నామినీ లాగా తదనంతరం హక్కు వస్తుందని అనుకోకండి. యునైటెడ్‌లో 2024 నుంచి ఐదుగురి వరకు మైళ్లను ఒకే చోట కలుపుకునే వీలు ఉంది, కలిపినవి యునైటెడ్ విమానాలకే చెల్లుతాయి. ఎమిరేట్స్‌లోనూ ఎయిరిండియాలోనూ కుటుంబ ఖాతాలు ఉన్నాయి.

వీలునామా రాసే ఉద్దేశం ఉంటే విమాన సంస్థల పేర్లు, సభ్యత్వ సంఖ్యలు, ఎవరికి చెందాలో వారి పూర్తి పేరు అందులో ఒక వాక్యంగా చేర్చండి. పాస్‌వర్డులు మాత్రం వీలునామాలో రాయకండి.

సీతమ్మధార_వాసి:

మరణ ధ్రువపత్రం సవరణ పూర్తయి కొత్త ప్రతి చేతికి వచ్చింది. అమ్మ పేరున రెండు సంస్థల్లోనూ సభ్యత్వం తీసుకున్నాం. నాయనమ్మకు అంతా చదివి వినిపించాం, ఆమె తెలుగులో సంతకం చేశారు. రెండు లేఖలూ పంపాం. ఒక సంస్థ నుంచి అమ్మ పాస్‌పోర్టు నకలు కావాలని జవాబు వచ్చింది, అది కూడా పంపేశాం. రెండో సంస్థ వీలునామా అనువాదం అందినట్లు మాత్రమే తెలియజేసింది. నెల గడిచినా నిర్ణయం రాకపోతే మళ్లీ రాయాలా, లేక ఆగాలా?

ఎడిసన్_విశాఖ_ఆడపడుచు:

మళ్లీ రాయండి, కానీ కొత్త లేఖగా కాదు. మొదటి జవాబులో వారు ఇచ్చిన సూచిక సంఖ్య ఉంటుంది, అదే ఈమెయిలుకు తిరుగు జవాబుగా పంపండి. కొత్తగా రాస్తే కొత్త సంఖ్య పడి, జతచేసిన పత్రాలన్నీ మళ్లీ అడుగుతారు.